పడుగు అందినంత దూరం

నడిరేవు మార్కండేయ గుడి పూజారి సదానందానికి ఒక అలవాటు ఉంది. తెల్లవారుజామున గుడి తలుపు తీసే ముందు తాళంచెవి మొలలో చెక్కుకొని మూడుసార్లు చప్పట్లు కొడతాడు. కొట్టి కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే తాళం తీస్తాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. "ఏంది అయ్యగారూ, లోపల దేవుడు ధోతి కట్టుకుంటుండా, జర సదురుకోమంటున్నవా" అని కులపెద్ద బుచ్చిరాములు ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు. సదానందం మాత్రం మానలేదు. తాత కొట్టాడు, బాపు కొట్టాడు, తనూ కొడుతున్నాడు. రాత్రంతా చీకట్లో ఒంటరిగా ఉన్నవాళ్ల ముందు ఉన్నట్టుండి పోయి నిలబడకూడదు, మనిషికైనా దేవుడికైనా అదే మర్యాద అనేవాడు తాత.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ చప్పట్లకూ తాళానికీ మధ్య ఉన్న ఆ కాసేపట్లో సదానందానికి రోజూ ఒళ్లు జలదరించేది. తను వచ్చినట్టు ఎవరికో తెలిసిందనీ, ఎవరో మేలుకొని తన కోసమే చూస్తున్నారనీ గట్టిగా అనిపించేది. యాభై ఏళ్లు దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా అదే తలుపు తీస్తున్నవాడు. అయినా ఆ జలదరింపు ఒక్కనాడూ పాతబడలేదు. భార్య కోమలకు చెబితే చలి అంటుందని ఆమెకు కూడా చెప్పలేదు.

లక్సెట్టిపేట నుంచి గోదావరి వెంట పోతే వస్తుంది నడిరేవు. గోదావరి అని కాగితాల మీద రాయడమే గానీ ఆ ఊళ్లో ఎవరూ అలా అనరు, గంగ అంటారు. పద్మశాలి వాడ అంతా ఒకటే వీధి. మిగతా ఊళ్లో సందులు ఎటు పడితే అటు తిరుగుతాయి గానీ ఈ వీధికి మాత్రం వంకర లేదు, దారం పట్టి గీసినట్టు ఉంటుంది. ఈ కొసన గుడి, ఆ కొసన ఆఖరి ఇల్లు, దాని వెనక గంగ. ఒకప్పుడు ఇంటింటా మగ్గం గుంట ఉండేది. అవి పూడిపోయి రేకుల షెడ్లు లేచాయి, షెడ్లలో కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటిని సాంచాలంటారు. సాంచాల టకటకలోనే ఆ వాడ పిల్లలు పుడతారు, పాలు తాగుతారు, పెళ్లిళ్లాడతారు.

గుడిలోని రాయి చిన్నదే. పిల్లవాడొకడు లింగాన్ని రెండు చేతులా వాటేసుకొని ఉంటాడు. పదహారేళ్లకే ఆయుష్షు నిండిన ఆ పిల్లవాడి మీద యముడు పాశం విసిరితే అది లింగం మీద కూడా పడిందట. ఆ వెనక శివుడు లేచి యముణ్ణి తన్నాడన్నది అందరికీ ఇష్టమైన ముక్క. సదానందానికి మాత్రం దానికి ముందరి ముక్క ఇష్టం. చావాల్సిన పిల్లవాడి మెడకూ చావులేని దేవుడి మెడకూ ఒకటే తాడు పడటం. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు దానంతటదే తగ్గిపోయేది.

కరోనా వచ్చిన మొదటి ఏడు నడిరేవులో ఎవరికీ జ్వరం రాలేదు గానీ సాంచాలు ఆగిపోయాయి. ఆ చప్పుడుకు అలవాటుపడ్డ ప్రాణాలకు నిశ్శబ్దమే పెద్ద రోగమైంది. నిద్ర పట్టట్లేదని ముసలివాళ్లు మొత్తుకున్నారు. గుడికి మంది రావద్దన్నారు, పూజారి ఒక్కడే పోయి దీపం పెట్టి రావచ్చన్నారు. ఇక పెళ్లంటారా, ఒక పెళ్లి సదానందం ఫోనులోనే చేశాడు. సరిగ్గా మాంగల్యం దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ పోయింది. అక్కడ పెళ్లికొడుకు పుస్తె పట్టుకొని బిక్కమొహం వేసుకొని కూర్చుంటే, వాళ్ల అమ్మమ్మ, "కట్టురా, అయ్యగారు లైన్ల లేకున్నా దేవుడు లైన్లనే ఉంటడు" అందట. కట్టేశాడు. ఆ జంట ఇప్పుడు సుఖంగానే ఉంది.

శ్రావణ పున్నానికి ఇల్లిల్లూ తిరిగి జంధ్యాలు మార్పించి, ముంజేతికి నూలుపోగు కట్టడం పూజారి పని. ఆ ఏడు పోగులన్నీ గేట్లకు తగిలించి, ఎడంగా నిలబడి గోడలకు మంత్రం చెప్పి వచ్చాడు. ఎవరి పోగు వాళ్లే కట్టుకున్నారు. వీధి ఆ కొసన ఉండే భూమవ్వకు ఇంట్లో కట్టే దిక్కు లేదు. ఆ ముసలామె తన పోగును బర్రె కొమ్ముకు కట్టి, "నాకంటె అదే ఎక్కువ దినాలు బతకాలె, పాలిస్తది" అంది.

ఆ ఏడంతా సదానందం నోరు తెరుచుకొనే బతికాడని చెప్పాలి. కంటికి కనపడనిదాన్ని నమ్మమని తాతలు ఎంత మొత్తుకున్నా నమ్మని జనం, కంటికి కనపడనిదానికి వణికి తలుపులు మూసుకున్నారు. మంది లేని గుడి బోసిపోతుందనుకున్నాడు గానీ అలా జరగలేదు. చప్పట్లు కొడితే ఆ చప్పుడు వీధి ఆ కొస దాకా పోయి గంగను తాకి తిరిగి వస్తున్నట్టుండేది. సాంచాల మోతలో ఇన్నాళ్లూ అది వినపడలేదు. ఎంత పెద్దదయ్యా ఈ చిన్న గుడి అనుకునేవాడు.

రెండో ఏడు సాంచాలు మళ్లీ ఆగాయి, ఈసారి మాత్రం రోగం ఊరి లోపలికే వచ్చింది.

ఆఖరి ఇంటి అంబదాసు చిన్నతనాన్నే భీవండి పోయి సాంచాల మీద పనికి కుదిరినవాడు. చెన్నూరు నుంచి వలసపోయిన శాలోళ్ల పిల్ల మంజులను అక్కడే పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఆ ఎండాకాలం మహారాష్ట్రలో మళ్లీ అన్నీ బందు పెడితే, ఇద్దరూ లారీ పట్టుకొని సొంతూరికి వచ్చారు. వచ్చిన వారానికి ఇద్దరికీ జ్వరం తగిలింది. మంజుల లేచింది. అంబదాసు లేవలేదు. ఆశా కార్యకర్త జమున ఒక్కతే మాత్రలు పట్టుకొని ఆ గడప తొక్కేది. కరీంనగర్ తీసుకుపోదామంటే బండి దొరకలేదు, బండి దొరికేసరికి పడక లేదన్నారు. వాడలో వాళ్లు ఆ ఇంటివైపు నడవడమే మానేశారు. సదానందమూ పోలేదు. కోమలకు ఉబ్బసం, ఆయనకు చక్కెర జబ్బు. భయం అందరికీ ఉన్నట్టే ఆయనకూ ఉంది.

అప్పుడే బుచ్చిరాములు ఒక ఆలోచన చేశాడు. ఆయన కులపెద్దే కాదు, రెండు షెడ్ల సాంచాలకు ఆసామి కూడా. ఇంటికో బిందె చొప్పున గంగనీళ్లు తెచ్చి సోమవారం మార్కండయ్యకు అభిషేకం చేస్తే వాడకు గండం తప్పుతుందన్నాడు. నీళ్లు పోసేది పూజారి ఒక్కడే, మిగతావాళ్లు ఇళ్లలో ఉండి ఫోన్లలో చూస్తారు. అందరికీ నచ్చింది. చేతులు కట్టుకొని కూర్చున్న జనానికి ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం కావాలి కదా. ఆదివారం సాయంత్రానికి గుడి ముందు బిందెలు బారులు తీరాయి. ఇత్తడివి, స్టీలువి, మూతికి గుడ్డ కట్టి పసుపుకుంకాలు పెట్టినవి. కోమల తన తల్లిగారు పెట్టిన రాగి బిందెను చింతపండుతో తోమి తెచ్చి ముందు వరుసలో పెట్టింది.

సోమవారం తెల్లవారకముందే మబ్బుల లేచి స్నానం చేసి సదానందం గుడి మెట్లెక్కాడు. చప్పట్లకు చేతులెత్తాడో లేదో, వెనక నుంచి జమున గొంతు వినిపించింది.

"కాకా, ఆగు. అంబదాసు పోయిండు. గిప్పుడే."

ఎత్తిన చేతులు కిందికి దిగాయి. ఊళ్లో పీనుగ ఉండగా గుడి తలుపు తియ్యరు. దీపం పెట్టరు, నైవేద్యం పెట్టరు. పీనుగ లేచి ఊరు దాటేదాకా దేవుడికీ పస్తే. ఇది ఎవరు పెట్టిన కట్టో ఎవరికీ తెలియదు, అందరూ పాటిస్తారు. మామూలు రోజుల్లో అది రెండు మూడు గంటల ముచ్చట. నలుగురు భుజం పడతారు, డప్పు మోగుతుంది, గంగొడ్డున పొగ లేవగానే పూజారి తానం చేసి వచ్చి తలుపు తీస్తాడు. సదానందం తాళంచెవిని మొలలోనే ఉంచుకొని మెట్టు మీద కూర్చున్నాడు.

పొద్దెక్కింది. ఎవరూ లేవలేదు. పాడె కట్టే మనిషికి ఒళ్లు నొప్పులట. ట్రాక్టరు డ్రైవరు ఫోను బందు పెట్టుకున్నాడు. మండలానికి ఫోను చేస్తే బండి రేపు పొద్దున గానీ రాదన్నారు. వైశాఖ మాసపు ఎండలో బిందెల మీద చెయ్యి పెడితే కాలుతోంది. సదానందం పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, దేవుడు తినకుండా ఆయన తినడు. మూసిన తలుపు వైపు చూస్తే లోపల చీకట్లో ఆ పిల్లవాడూ లింగమూ ఆకలితో ఉన్నారనిపించింది.

మిట్టమధ్యాహ్నం బుచ్చిరాములు మరో ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకొని వచ్చాడు. ముగ్గురికీ మూతిగుడ్డలు. వేపచెట్టు నీడన ఎడం ఎడంగా నిలబడ్డారు.

"అయ్యగారూ, మంది పరేషాన్ అయితుండ్రు. ఇయ్యాల అభిషేకం కాకపోతే ఏమైతదో అని ఆడోళ్లు ఏడుస్తుండ్రు."

"పీనుగ లేవలే గద బావా."

"గా ముచ్చటకే వచ్చినం. అంబదాసు ఇల్లు ఊర్ల లేదు."

సదానందానికి అర్థం కాలేదు.

"పొలిమేర రాయి ఆయింటికి ఇవతల్నే ఉన్నది," అన్నాడు బుచ్చిరాములు. "ఏటేటా దానికి పసుపు పూసేది నువ్వే. రాయి దాటినంక అది ఊరెట్లయితది? నీ నోటితోని ఒక్క మాట అను, అది ఊరవతల అని. నువ్వు అంటే ఎవ్వలు కాదనరు. తలుపు తీద్దాం, నీళ్లు పోద్దాం."

నిజం చెప్పుకోవాలంటే ఆ మాట సదానందానికి తీయగానే తగిలింది. అబద్ధమూ కాదు. భూమవ్వ ఇంటి గోడ పక్కన మోకాలెత్తు రాయి ఉంది, అంబదాసు వాకిలి దాని అవతలే. ఆయన బాపు దానికి పసుపు పూసేవాడు, పొలిమేర రాయని వాడంతా అంటారు. ఒక్క మాటంటే దేవుడు అన్నం తింటాడు, తనూ తింటాడు, ఎవరితోనూ పేచీ లేదు.

"మరి ఆయనను ఎవరు లేపుతరు బావా?"

"రేపు బండి వస్తది గద. మన ఊరి పీనుగ కానప్పుడు మనకేం ఫికర్."

ఆ జవాబు విని మెట్టు మీద నుంచి లేచాడు. "రాయి చూసొచ్చి చెప్త," అన్నాడు సదానందం.

"పుట్టినకాంచి చూస్తున్న రాయే గద అయ్యగారూ. ఏ రాయైతేంది, పండ్లు ఊడగొట్టుకునుటానికి," అన్నాడు బుచ్చిరాములు విసుగ్గా.

పక్కనే ఉన్న తన ఇంటి కిటికీలో నుంచి కోమల అన్నీ వింటోంది. ఆయన దాటిపోతుంటే, "రాయి సంగతి తర్వాత. ముందుగాల ఆ పిల్ల మొకం చూడు," అంది.

వీధిలో పురుగు లేదు. తలుపుల వెనక కళ్లున్నాయని మాత్రం సదానందానికి తెలుస్తోంది. కాళ్లు కాలుతున్నా తొందరగా నడవలేకపోయాడు. ఆ కొసకు వచ్చేసరికి మంజుల అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. తెరిచిన తలుపుకు అడ్డంగా లోపల నులకమంచం, దాని మీద దుప్పటి కప్పిన మనిషి. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల మొహంలో ఇక ఏమీ మిగల్లేదు. ఆయన్ని చూసి లేవబోయి, దగ్గరికి రాకూడదని గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

"అయ్యగారూ, పొద్దుగాల దీపం పెట్టలేదేంది?" అని అడిగింది.

మొగుడు పోయిన మనిషి అడిగే మాటా అది? పాడె రాలేదా, బండి రాలేదా, మనుషులు రాలేదా అని అడగాలి. సదానందం మంచం వైపు చూశాడు. "ఆయన లేస్తేనే బిడ్డా దేవుడు లేచేది," అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చినా, చెవిన పడ్డాక గానీ అందులోని బరువు ఆయనకు తెలియలేదు. అంతటి మార్కండయ్య, శివుడే యముణ్ణి తన్ని కాపాడిన దేవుడు, భీవండిలో నూలు బీములు మోసిన ఒక అంబదాసు కోసం అన్నం మానుకొని చీకట్లో కూర్చున్నాడు. తాతలు కట్టుపెట్టింది ఇందుకా? దేవుణ్ణి కూడా పస్తుంచితే గానీ మనుషులు కదలరని వాళ్లకు తెలుసా?

రాయి దగ్గర గొంతుకూర్చున్నాడు. ఏళ్ల తరబడి పూసిన పసుపు దాని మీద అట్టకట్టి ఉంది.

"దానికి మొక్కుతున్నవారా సదానందం?" గోడ అవతల నుంచి భూమవ్వ పలకరించింది. తొంభై దగ్గర పడ్డ మనిషి, బర్రె పక్కన పీట వేసుకొని కూర్చొని ఉంది.

"పొలిమేర రాయి గద అవ్వా, చూస్తున్న."

"పొలిమేర రాయా?" ముసలామె బోసినోటితో నవ్వింది. "మీ సాంచాల కాలపోళ్లకు ఏం ఎరుకరా. అది పడుగు రాయి. నేను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు గుడి ముంగట గుంజ ఉండె. ఆడ ఒక కొస కట్టి ఈడిదాక పడుగు, అదే నిలువు పోగులన్ని, సాపుతుంటిమి. కొస తెచ్చి గీ రాయికి చుడుతుంటిమి. వాడ గింత సాపుగ ఎందుకున్నదనుకున్నవు? పడుగు కోసమే. మా అత్త పని మొదలువెట్టే ముందు రాయికి పసుపు పెడుతుండె. పని పోయింది, పసుపు మిగిలింది."

సదానందం బొటనవేలి గోరుతో పసుపు అట్టను గీకాడు. అది పెచ్చులుగా ఊడింది. కింద నల్లరాయి. రాయి చుట్టూ సన్నని గీతలు, ఒకదాని కింద ఒకటి, వెంట్రుకంత లోతున. వేలు పెడితే తగులుతున్నాయి. ఉలి పెట్టి చెక్కినవి కావు. నూలు ఒరుసుకొని ఒరుసుకొని పడినవి. గంజి పెట్టిన మెత్తని నూలుపోగు, పంటితో కొరికితే తెగేది, ఇన్ని తరాలు లాగి కట్టగా నల్లరాయిని కోసింది. ఆయన వేలు తియ్యలేకపోయాడు. గర్భగుడి ముందు కలిగే జలదరింపు ఎర్రటి ఎండలో, బర్రె మూత్రం వాసన మధ్య మళ్లీ వచ్చింది. నా తాత చేతి పోగు కూడా ఇక్కడెక్కడో ఉంది అనుకున్నాడు. అంబదాసు తాతదీ ఉంది. రెండింటికీ తేడా పట్టడం ఎవరి తరం?

వెనక్కి వచ్చేసరికి పెద్దమనుషులు ఇంకా వేపచెట్టు కిందే ఉన్నారు.

"ఏమన్నది రాయి?" అన్నాడు బుచ్చిరాములు.

"అది పొలిమేర రాయి కాదు బావా. పడుగు రాయి. నూలు గీతలు ఇంక అట్లనే ఉన్నయి, పోయి వేలు పెట్టి చూడు. మనోళ్లు గుడికాడ షురూ చేసి పడుగును ఆయింటి ముంగట ముడేసిండ్రు. అది ఊరవతల ఎట్లయితది? ఊరు ఈడికెల్లి ఆడిదాక గుంజి కట్టి ఉన్నది."

"అయితే ఏమంటవు ఇగ?"

"పీనుగ లేసేదాక తలుపు తియ్య."

"గుడి నీ ఒక్కనిది కాదు. కులం ఇచ్చింది నీకు." బుచ్చిరాములు గొంతు పెరిగింది.

"ఇచ్చింది. తాళం కూడ కులానిదే," అంటూ సదానందం మొలలోని తాళంచెవి తీసి ఆయన ముందు మెట్టు మీద పెట్టాడు. "నువ్వు తీస్తే తియ్యి. నేను పోయి అంబదాసును లేపుత. సాంచ మీద పోగు తెగితే ఏం చేస్తవు బావా? నడిపిచ్చుకుంట పోతవా, ఆపి అతుకుతవా?"

బుచ్చిరాములు తాళంచెవిని ముట్టుకోలేదు.

తలుపు చప్పుడైంది. కోమల మూతికి కొంగు చుట్టుకొని బయటికొచ్చింది. బిందెల వరుసలోకి వెళ్లి తన రాగి బిందెను చంకకెత్తుకుంది. "తానం చేపియ్యాలె గద ఆయనకు, నీళ్లు యాడియి," అని ఎవరికీ కాకుండా అని వీధి వెంట నడిచింది. ఉబ్బసపు మనిషి, రెండు చోట్ల ఆగింది. అంబదాసు గోడ దగ్గర బిందె దించి, పది అడుగులు వెనక్కొచ్చి నిలబడింది. పీనుగ తానానికి పెట్టిన బిందె మళ్లీ ఇంటికి రాదు. తల్లిగారి బిందె అని ఆమె ఒకసారి దాని వైపు చూసింది, అంతే.

ఆ తర్వాత ఏం జరిగిందో సదానందం ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఒక తలుపు తెరుచుకుంది. ఒకామె వచ్చి తన బిందెను వెతుక్కొని ఎత్తుకొని పోయి గోడ దగ్గర పెట్టి వచ్చింది. ఇంకో తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, ఎవరూ ఎవరికీ దగ్గర కాలేదు. ఒకరు తిరిగొచ్చాక ఇంకొకరు పోయారు. దేవుడి కోసం బారులు తీరిన బిందెలన్నీ వీధి వెంట నడిచి ఆఖరి ఇంటి ముందు బారులు తీరాయి. మంజుల ఒక్కొక్కటే లోపలికి తీసుకుపోయి మొగుడికి తానం చేయించింది. ఎన్ని నీళ్లంటే, వాకిట్లో నుంచి కాలువ కట్టి పడుగు రాయి దాకా పారాయి.

పాడె మోసే నలుగురు మాత్రం లేరు. అప్పుడు బుచ్చిరాములు గొంతు సవరించుకున్నాడు. "మా షెడ్డుల బీము బండి ఉన్నది. దాని పట్టెలు పొడుగుంటయి, ఎడంగ ఉండి నూకచ్చు," అన్నాడు, ఎవరో బలవంతాన అనిపిస్తున్నట్టు. నూలు చుట్టిన బరువైన బీములను సాంచాల దగ్గరికి చేర్చే రెండు చక్రాల తోపుడు బండి అది. జమున తన దగ్గరున్న ఒంటి తొడుగులూ చేతి తొడుగులూ ఇచ్చింది. సదానందం మంజులతో కలిసి పీనుగను బండి మీదికి చేర్చాడు. ముందు సదానందం, వెనక బుచ్చిరాములు పట్టారు. బతికినన్నాళ్లూ బీములు నూకిన మనిషి బీము బండి మీదే గంగొడ్డుకు పోయాడు. నిప్పు మంజులే పెట్టింది. ఆడది పెట్టడమేమిటని ఆరోజు అడిగే నోరు లేదు.

గంగలో మునిగి వచ్చాక జమున దారికడ్డం నిలబడింది. "కాకా, నువ్వు ఇంటికి పోవద్దు, గుడికి పోవద్దు. రెండు వారాలు ఎడంగ ఉండాలె. కోమల చిన్నమ్మకు దమ్ము బీమారి, యాదికున్నదా? బుచ్చిరాములు మామ వెనకపట్టె కొసకు ఉండె, ఆయన ఎట్లన్న ఒంటి మనిషి, జర పైలంగ ఉంటె సాలు."

అంబదాసు ఇంటి పక్కన పడుగులు తోడే పాత షెడ్డు ఖాళీగా ఉంది. సదానందం అక్కడ చాప పరుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, దేవుడు ఇంకా పస్తే. పొద్దు గూకుతోంది. ఫోను తీసి బుచ్చిరాములుకు చేశాడు.

"తాళంచెవి మెట్టు మీదనే ఉన్నది గద బావా. తానం చేసినవా? మూతికి గుడ్డ ఉన్నదా? పో, తలుపు తియ్యి."

"నాకేమొస్తది అయ్యగారూ. ఒక్క మంత్రం రాదు."

"మంత్రం నేను ఈడ చదువుత. ముందుగాల మూడుసార్లు చప్పట్లు కొట్టు."

అవతల గుడి మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు ఆగి ఆగి వినపడింది. ఇన్నేళ్లు ఎగతాళి చేసిన మనిషి మరి. తర్వాత చప్పట్లు వినపడ్డాయి. ఫోనులో ఒకసారి, వీధి వెంట గాలిలో ఇంకొకసారి. సదానందం షెడ్డు గడప మీదికి వచ్చి నిలబడ్డాడు.

వీధి ఆ కొసన చీకటిలో ఏదో కదిలింది. తలుపు తెరుచుకుంది. నల్లటి గడి మధ్యలో గోరంత వెలుగు పుట్టి, వణికి, నిలబడింది. వీధి అంత సాపుగా ఉండటం వల్ల మధ్యలో ఏ గోడా అడ్డం రాలేదు. గర్భగుడి దీపం సూటిగా వచ్చి అంబదాసు గుమ్మంలో కనపడుతోంది. దీపం వెనక ఆ రాతి పిల్లవాడి భుజం కూడా తెలుస్తున్నట్టే ఉంది. ముప్పై ఏళ్లు ఆ దీపం వెలిగించిన సదానందం అది ఎంత దూరం పోతుందో ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ వీధికి వీపు పెట్టి నిలబడ్డవాడు ఎట్లా చూస్తాడు?

"కనవడ్డదా అయ్యగారూ?" పక్క అరుగు మీద నుంచి మంజుల అడిగింది. "ఆయన మంచం గందుకే తలుపుకు అడ్డమేపిచ్చుకున్నడు. జరం వచ్చినకాంచి నిద్ర పడుతలేకుండె. మబ్బుల లేచి మీ చప్పట్ల కోసం సూస్తుండె. అవి ఇనవడంగనే నన్ను లేపి, 'అయ్యగారు వచ్చిండు, ఇగ దీపం వస్తది, తెల్లారినట్టే' అంటుండె. ఇయ్యాల గూడ సూసిండు. అవి ఇనకముందే పోయిండు."

సదానందం దీపం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరో మేలుకొని ఉన్నారని, తన కోసమే చూస్తున్నారని ఇన్నాళ్లూ ఒళ్లు జలదరించింది అబద్ధం కాదు. మూసిన తలుపు ముందు నిలబడి లోపలే ఉన్నారనుకున్నాడు. వెనకా ఉన్నారు. కళ్ల నుంచి నీళ్లు కారి మూతిగుడ్డ తడిసింది.

"అయ్యగారూ," ఫోనులో బుచ్చిరాములు పిలుస్తున్నాడు. "దీపం పెట్టిన. బిందెలన్ని ఆడనే ఉండె, ఈడ సుక్క నీళ్లు లేవు. అభిషేకం ఎట్ల మరి?"

"అయింది బావా. పొద్దుండంగనే అయింది. నువ్వు జర పక్కకు జరుగు."

"ఎందుకు?"

"దీపానికి అడ్డమున్నవు. ఈ పిల్లకు కనవడుతలేదు."